బ్రేకు మీద కాలు

ఫిబ్రవరి 11

పొద్దున్నే పక్క మీద కుడివైపుకి ఒత్తిగిలాను. నాతోపాటు గదీ తిరిగింది. నేను ఆగాను, గది ఆగలేదు. బీరువా, కిటికీ, గోడ గడియారం ఒకదాన్నొకటి తరుముకుంటూ పరిగెత్తాయి.

అప్పుడు నా కుడికాలు చేసిన పనికి ఇప్పుడు నవ్వొస్తోంది. దుప్పటి కింద బ్రేకు కోసం వెతికి, ఉన్న బలమంతా పెట్టి తొక్కింది. తగిలింది మంచం చివరి చెక్క. బొటనవేలు వాచి కూర్చుంది. ఏం చేస్తాను, ఇరవై ఏళ్ళుగా డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతున్నాను. మా కార్లలో నేర్చుకునేవాళ్ళ పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. వాళ్ళు చేతులెత్తేస్తే మేం తొక్కుతాం. అపాయం అనగానే నా ఒంటికి తెలిసిన మందు అదొక్కటే.

బకెట్ తెమ్మని మా ఆయన్ని కేకేశాను. వాంతి అయ్యాక కూడా గది ఆగలేదు. కళ్ళు మూసుకుంటే చీకటి తిరిగింది. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. ఆ మాటే ఆయనతో అంటే, ముందు కళ్ళజోడు పెట్టుకో అన్నాడు. ఆయనది కళ్ళజోళ్ళ షాపు.

ఫిబ్రవరి 12

చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. తల తిరిగితే చెవి డాక్టరేమిటని దారి పొడవునా మా ఆయన సణుగుడు. డాక్టరు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తల రెండు చేతుల్తో పట్టుకుని, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టాడు. మళ్ళీ మొదలైంది రంగులరాట్నం. నేను కేకలు పెడుతుంటే ఆయన నా కళ్ళల్లోకి చూస్తూ, పోయిన తాళంచెవి దొరికినంత సంబరపడ్డాడు. చెవి లోపల ఇసుక రేణువుల్లాంటివి ఉంటాయట. అవి ఉండాల్సిన చోటు నుంచి జారి పక్క గొట్టంలోకి వెళ్ళాయట. తలని ఇటు తిప్పి, అటు తిప్పి, ఒంటిని పక్కకి దొర్లించి, లేపి కూర్చోబెట్టాడు. గది గదిలా నిలబడింది.

ఇంతేనా అన్నాను. ఇంతే అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. కొన్నాళ్ళు వాడమని తల తిరుగుడు బిళ్ళలు రాశాడు. తను చెప్పేదాకా స్కూలు కారు ఎక్కొద్దన్నాడు. పక్క సీట్లో కూడా వద్దా, అక్కడ నా కాలి కింద బ్రేకు మాత్రమే ఉంటుంది అన్నాను. అందుకే వద్దన్నాడు.

ఫిబ్రవరి 26

గిరగిరా తిరగడం పోయింది. డాక్టరు మళ్ళీ పడుకోబెట్టి చూసి, రేణువులు దారికొచ్చాయన్నాడు. మరి నేల ఎందుకు మెత్తగా ఉంది? ఇంటినిండా పరుపులు పరిచి వాటి మీద నడవమన్నట్టుంది. నిలబడితే ఊగుతున్నాను. అద్దంలో చూసుకుంటే ఊగడం లేదు. ఇద్దరిలో ఎవరిని నమ్మాలి?

డాక్టరు అదీ పోతుందన్నాడు. ఎప్పుడు పోతుందో చెప్పలేదు.

మార్చి 9

తలంటుకోవడం ఇంత సాహసం అని ఎవరికి తెలుసు? సబ్బు నురగ కళ్ళల్లో పడకుండా కళ్ళు మూసుకోవాలి. మూసుకుంటే తూలుతాను. ఒక చేత్తో కుళాయి పట్టుకుని ఇంకో చేత్తో తల రుద్దుకుంటున్నాను. సగం తలే శుభ్రపడుతోంది.

బట్టలు ఆరెయ్యడానికి పైకి చూడలేను. కింద పడ్డ చెంచా తియ్యడానికి వంగలేను. పై అరలో ఉన్నవన్నీ కింది అరలోకి, కింది అరలో ఉన్నవన్నీ వంటగట్టు మీదికి వచ్చాయి. ఇప్పుడు మా ఇంట్లో వస్తువులన్నీ నా ముక్కుకి ఎదురుగా ఉన్నాయి. గోడ పట్టుకుని నడుస్తున్నాను. నడవాలో ఆ గోడ మీద నా చేతి జాడ నల్లగా పడింది. బిళ్ళ వేసుకుంటే మత్తుగా ఉంటుంది, ఊగుడు అలాగే ఉంటుంది. అయినా మానాలంటే భయం.

మార్చి 15

మా ఆయన దృష్టిలో లోకంలో రెండే జబ్బులు. దగ్గరవి కనబడకపోవడం, దూరానివి కనబడకపోవడం. నన్ను షాపులో కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద ఆ ఇనప ఫ్రేము పెట్టి, అద్దం మీద అద్దం మార్చి, ఇది బాగుందా, ఇది బాగుందా అని గంటసేపు వేధించాడు. కొత్త కళ్ళజోడు ఇచ్చాడు. ఇప్పుడు ఊగేది మరింత స్పష్టంగా కనిపిస్తోంది.

పాపం, ఆయన చేతనైంది ఆయన చేశాడు. నిన్న ఆయన మొహం చూస్తే జాలేసింది. రోజూ పొద్దున నేనే ఆయన్ని కార్లో షాపు దగ్గర దింపేదాన్ని. ఆయనకి డ్రైవింగ్ రాదు. డ్రైవింగ్ టీచర్ని కట్టుకుని కూడా నేర్చుకోలేదు, నా నోటికి జడిసి. ఇప్పుడు రెండు బస్సులు మారి వెళ్తున్నాడు.

మార్చి 22

సూపర్‌మార్కెట్‌కి వెళ్ళాను. నా బుద్ధి గడ్డి తిన్నది. రెండువైపులా అరలు, అరల నిండా రంగురంగుల డబ్బాలు, తెల్లటి ట్యూబ్‌లైట్లు. ట్రాలీ తోసుకుంటూ నాలుగడుగులు వేశానో లేదో, డబ్బాలన్నీ నా పక్కనుంచి రైలు బోగీల్లా జారిపోవడం మొదలెట్టాయి. ట్రాలీని కౌగిలించుకుని నిలబడిపోయాను. గార్డు పరిగెత్తుకొచ్చి కుర్చీ వేశాడు. మర్యాదగానే వేశాడు, కానీ ముందు నా నోరు వాసన చూశాడు. తల కొట్టేసినట్టయింది.

సరుకులన్నీ ట్రాలీలోనే వదిలేసి వచ్చాను.

మార్చి 30

స్కాన్ నార్మల్. రక్తం నార్మల్. బీపీ నార్మల్. చెవీ నార్మలే. నేనొక్కదాన్నే తేడా.

ఏప్రిల్ 4

డ్రైవింగ్ స్కూలు ఓనర్ ఇంటికొచ్చాడు. యాపిల్స్ తెచ్చాడు. ఆయన యాపిల్స్ తెస్తే నాకు అర్థమైపోయింది, మంచి కబురు కాదని. ఆడవాళ్ళు నా దగ్గరే నేర్చుకుంటామంటారు, రెండు నెలలుగా వాళ్ళందరూ వెయిటింగ్‌లో ఉన్నారు. పక్కవీధి స్కూలువాడు ఒక్కొక్కరినీ లాక్కుపోతున్నాడట. ఇంకొకావిడ ఉద్యోగం కోసం అడుగుతోందట. స్కూలుకి ఉన్న రెండు కార్లలో ఒకదాంట్లో ఓనర్ కూర్చుంటాడు, ఇంకోటి నాది. అంటే మూడో సీటు లేదు.

మే నెల ఆఖరిదాకా చూస్తానన్నాడు. అది కూడా తల వంచుకుని చెప్పాడు. ఆయన్ని తప్పుపట్టలేను. వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, ఇప్పుడెలా ఉందని అడిగాడు. బాగానే ఉందన్నాను, తలుపు చెక్క గట్టిగా పట్టుకుని.

ఆ సీటు పోతే నేనేమిటి? వంట రాదు నాకు సరిగ్గా. కుట్లు అల్లికలు రావు. నలుగురిలో నెమ్మదిగా మాట్లాడటం కూడా రాదు. నాకొచ్చిందల్లా భయపడేవాళ్ళ పక్కన భయపడకుండా కూర్చోవడం. ఇప్పుడు అదీ రావడం లేదు.

ఏప్రిల్ 6

ఆడపడుచు ఫోన్. వదినా, అది గ్యాస్ అంది. కిందటివారం మెడ నరం అంది. అంతకుముందు నిద్ర చాలక అంది. చివరికి గొంతు తగ్గించి, నువ్వు ఊరికే ఏదేదో ఊహించుకుంటున్నావేమో వదినా అంది. ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాను.

పెట్టేశాక ఏడ్చాను. ఎందుకంటే నేనూ లోలోపల అదే అనుకుంటున్నాను. అన్నీ నార్మల్ అయినప్పుడు మిగిలింది పిచ్చే కదా.

ఏప్రిల్ 10

నా కోసం వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళలో ఒకావిడ, టైలరమ్మ వచ్చింది. నాకంటే పెద్దది. బట్టలు ఇంటింటికీ చేరవెయ్యడానికి వ్యాన్ కొనుక్కుంది, లైసెన్స్ మాత్రం రాలేదు. టెస్టు రెండుసార్లు తప్పింది. ఓనర్ నేర్పుతానంటే, మగాళ్ళు పక్కన కూర్చుంటే గేరు కనబడదని చెప్పి వచ్చేసిందట. వ్యాన్ ఇంటిముందు కవరు కప్పుకుని నిద్రపోతోంది.

ఇంట్లోనే చెప్పు టీచరమ్మా అని పట్టుబట్టింది. సరే అని ముందుగదిలో రెండు కుర్చీలు పక్కపక్కన వేశాం. ఆవిడ చేతికి స్టీల్ పళ్ళెం ఇచ్చాను, అదే స్టీరింగ్. కళ్ళు మూసుకో, నేను చెప్పేది ఊహించుకో అన్నాను. ఎదురుగా లారీ వస్తోంది, ఎడమపక్క సైకిల్ ఉంది, ఇప్పుడేం చేస్తావని అడుగుతున్నాను. ఆవిడ పళ్ళెం ఎంత కంగారుగా తిప్పిందంటే, కదలని కుర్చీలో కూర్చున్న నాకు తల తిరిగింది. నా కాలు నేలని తొక్కేసింది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. తర్వాత కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. ఎన్నాళ్ళయింది నవ్వి.

ఏప్రిల్ 17

చెవి డాక్టరు ఇంకొకరి దగ్గరికి పంపాడు. ఫిజియోథెరపీ, కానీ తల తిరిగేవాళ్ళకి మాత్రమేనట. అలాంటిది ఒకటుందని ముందే చెప్పొచ్చుగా అంటే, కొంతమందికి దానంతటదే పోతుంది, మీకూ పోతుందనుకున్నానన్నాడు. ఆ అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. నన్ను చూడగానే ఆంటీ అంది. ఒక మార్కు తగ్గించాను.

వేలు చూపించి ఇటు చూడండి, అటు చూడండి అంది. చూశాను. తల తిప్పి చూడండి అంది. తిప్పాననే అనుకున్నాను. తిరగలేదట, కళ్ళే తిరిగాయట. మెడ పట్టేసిందా అని నొక్కి చూసింది. మెడ సుబ్బరంగా ఉంది. మీరేం పని చేస్తారని అప్పుడు అడిగింది.

చెప్పాను. పక్క సీట్లో కూర్చునేవాళ్ళు తల తిప్పకూడదు. మేం ఎటు తల తిప్పితే నేర్చుకునేవాళ్ళు అటు చూస్తారు, ఎటు చూస్తే కారు అటు పోతుంది. అందుకని అద్దాలన్నీ కళ్ళతోనే చూస్తాం, తల మాత్రం బొమ్మలా పెడతాం. కొత్తగా చేరినవాళ్ళకి ఓనర్ మొదట నేర్పేది అదే. ఇరవై ఏళ్ళకి అది నా ఒంట్లో ఇంకిపోయింది.

మరి తల తిరుగుడు వచ్చాక ఏం చేస్తున్నారంది. ఇంకా గట్టిగా బొమ్మలా పెట్టానన్నాను. గోడ పట్టుకుంటాను, వంగను, పైకి చూడను, కాస్త ఊగినట్టనిపిస్తే కూర్చుంటాను, రోజూ బిళ్ళ వేసుకుంటాను. ఇంత జాగ్రత్తగా ఉన్నందుకు మెచ్చుకుంటుందనుకున్నాను. ఆ పిల్ల పెన్ను కింద పెట్టి నావైపు తిరిగి కూర్చుంది.

"ఆంటీ, మీ చెవి ఎప్పుడో బాగైపోయింది. మీరే ఇంకా పడిపోతానేమోనని బిగుసుకుని ఉన్నారు. తల కదిలినా ఏం కాదని మీ మెదడుకి మళ్ళీ నేర్పాలి. మీరు కదలకపోతే అది ఎలా నేర్చుకుంటుంది?"

అయితే ఇది పిచ్చి కాదా అని అడిగాను. కాదంది. దీనికి పేరుంది, చాలామందికి వస్తుంది, స్కాన్‌లో కనబడదు, అంతమాత్రాన లేనట్టు కాదంది. ఎవరో గుండె మీంచి బండరాయి దింపినట్టయింది. ఆ అమ్మాయి ముందే ఏడ్చేశాను. టిష్యూ ఇచ్చింది. తగ్గించిన మార్కు ఇచ్చేశాను.

ఏప్రిల్ 17, సాయంత్రం

ఇంటికొచ్చాక కోపం వచ్చింది. చెయ్యాల్సినవి ఏమిటంటే, తల తిరిగే పనులే. కావాలని రోజూ తల తిప్పుకోవాలట. తిరిగినా కూర్చోకూడదట. గోడ పట్టుకోకూడదట. బిళ్ళలు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలట. ఒళ్ళంతా కాలినవాడిని పొయ్యి దగ్గర కూర్చోమన్నట్టుంది.

టీ తాగుతుంటే ఒక స్టూడెంటు గుర్తొచ్చాడు. బ్యాంకు ఉద్యోగి. పరమ జాగ్రత్తపరుడు. వాడి కాలు ఎప్పుడూ బ్రేకు మీదే. రోడ్డు ఖాళీగా ఉన్నా బ్రేకు మీదే. కారు మూలుగుతూ, కుదుపుతూ నడిచేది. దిగాక, ఈ కారు బాగాలేదు మేడమ్, రిపేరుకివ్వండి అనేవాడు. కారు కులాసాగానే ఉంది, ముందు నీ కాలు తియ్యి నాయనా అని నేను గొంతు పోయేలా అరిచేదాన్ని.

కప్పు కింద పెట్టేశాను. ఈ రెండు నెలలుగా అతగాడిని నేనే.

ఏప్రిల్ 19

మా ఆయనకి ఇన్నాళ్ళకి ఒక పని దొరికింది. ఫ్రిజ్ మీద ఒక అక్షరం అంటించి, దాన్నే చూస్తూ తల అడ్డంగా ఊపాలి. తెల్లకాగితం మీద పెన్నుతో రాసుకోమంది ఆ అమ్మాయి. ఈయన ఒప్పుకుంటాడా? షాపు నుంచి కళ్ళు పరీక్ష చేసే బోర్డు తెచ్చాడు. ఏ అక్షరం కావాలో ఎంచుకోమన్నాడు. సైజు దూరాన్ని బట్టి ఉండాలని టేపు పెట్టి కొలిచాడు. అక్షరం మసకబారుతోందా, దూకుతోందా అని పక్కన నిలబడి అడుగుతున్నాడు. దూకుతోందండీ, మీరూ దూకుతున్నారు, కాస్త జరగండి అన్నాను.

ఏప్రిల్ 20

ఘోరం.

ఏప్రిల్ 21

నిన్నే నయం.

ఏప్రిల్ 28

పొద్దున నేను ఫ్రిజ్ ముందు తల అడ్డంగా ఊపుతుంటే, టీ పెట్టనా అని ఆయన అడిగాడట. నేను ఊపుతూనే ఉన్నాను. ఒక్కడే పెట్టుకుని తాగేశాడు. కప్పు చూసి నేను గొడవపెట్టుకుంటే, నువ్వే కదా అన్నిసార్లు వద్దన్నావు అంటాడు.

అక్షరం ఇవాళ దూకలేదు. వణికింది, అంతే.

మే 5

దిండు మీద రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడ్డాను. మొదట్లో మా ఆయన చేతులు చాచి చుట్టూ కాపలా కాసేవాడు. ఈవేళ పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. అంటే నేను బాగుపడుతున్నట్టే.

తర్వాత సూపర్‌మార్కెట్. ఆ అమ్మాయే పంపింది. ఒక్క వరుస నడిచి, తల అటూ ఇటూ తిప్పి డబ్బాల మీద పేర్లు చదివి, వచ్చేయమంది. చదివాను. టొమాటో సాస్, సబ్బు పొడి, కుక్క బిస్కెట్లు. బోగీలు కదిలాయి. ట్రాలీ పట్టుకోలేదు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, కదిలితే కదలండి, నాకేం అనుకుంటూ చివరిదాకా నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే డబ్బాలు బుద్ధిగా అరల్లోనే ఉన్నాయి. అదే గార్డు నాకు నమస్కారం పెట్టాడు. కాస్త అనుమానంగానే పెట్టాడు.

గుమ్మం బయట నిలబడి గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. మా ఇంట్లో కుక్క లేదు. బిస్కెట్లు మాత్రం కొన్నాను.

మే 14

అంతా మొదటికొచ్చింది. జలుబు, రెండు రాత్రుళ్ళు నిద్ర లేదు. పొద్దున మంచం దిగితే నేల మళ్ళీ పరుపు. గోడ పట్టుకున్నాను. ఆ నల్లటి జాడ మీదే సరిగ్గా పడింది చెయ్యి.

ఓనర్‌కి ఫోన్ చేసి ఇంకొకావిణ్ణి పెట్టుకోమని చెప్పేద్దామనుకున్నాను. నంబరు నొక్కాను కూడా. ఆయన ఎత్తలేదు, క్లాసులో ఉన్నట్టున్నాడు. ఎత్తి ఉంటే ఈపాటికి అయిపోయేది.

మే 16

ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి తిట్టినంత పని చేశాను. అన్నీ విని, మీ స్టూడెంట్లు ఎత్తు మీద బండి ఆపేసుకుంటే మీరేం చేస్తారని అడిగింది. మళ్ళీ స్టార్ట్ చెయ్యమంటానన్నాను. ఇంటికి పంపెయ్యరా అంది. ఎందుకు పంపుతాను, బండి ఆగనివాడు ఎవడున్నాడన్నాను. చెప్పాక నాలిక కరుచుకున్నాను. ఆ పిల్ల నవ్వలేదు. నవ్వితే కొట్టేదాన్ని.

జలుబు తగ్గేదాకా సగం సగం చెయ్యమంది. ఓనర్ తిరిగి ఫోన్ చేశాడు. ఏమిటి మేడమ్ అంటే, ఏం లేదు, చెయ్యి తగిలిందన్నాను.

మే 27

చెవి డాక్టరు మళ్ళీ బల్ల మీద వెనక్కి పడేశాడు, లేపాడు, నడిపించాడు. గిరగిరా తిరగడం ఆగి మూడు నెలలు దాటింది. బిళ్ళలు మానేసి చాలా రోజులైంది. పక్క సీట్లో కూర్చోవచ్చన్నాడు. మొదట పొద్దుటి క్లాసులే, మళ్ళీ గిరగిరా వస్తే అదే రోజు మానెయ్యాలన్నాడు. ఇది పూర్తిగా పోతుందా అని అడిగాను. మెల్లగా తగ్గుతుంది, అప్పుడప్పుడూ పలకరించి పోవచ్చన్నాడు.

మూడు నెలల కిందట ఈ మాట అంటే అక్కడే కుప్పకూలేదాన్ని. ఈవేళ, సరే, పలకరిస్తే పలకరించనీ అనిపించింది. బయటికొచ్చి మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన షాపులో ఉన్నావిడతో మా ఆవిడకి తగ్గిందండీ అని చెప్పడం వినిపించింది. ఆవిడ ఎవరో కూడా తెలియదట.

మే 30

ఓనర్ డాక్టరు మాట మాత్రమే నమ్మేరకం కాదు. మంచిదే. పక్కన కూర్చునేది పిల్లలున్న తల్లులు. తనే నేర్చుకునేవాడిలా డ్రైవర్ సీట్లో కూర్చుని, నన్ను నా సీట్లో కూర్చోమన్నాడు. మూడున్నర నెలల తర్వాత ఆ సీటు. ఎవరో వెనక్కి జరిపారు, ముందుకు లాక్కున్నాను. అరికాలు కింద బ్రేకు తగలగానే కళ్ళు చెమర్చాయి, కిటికీ వైపు తిరిగాను.

మొదట ఖాళీ వీధులు. ఆయన కావాలని తప్పులు చేస్తున్నాడు. సిగ్నల్ వెయ్యకుండా తిరగడం, ఆగిన ఆటో వెనక మరీ దగ్గరికి పోవడం. నేను చెప్పాల్సినవి చెప్పాను. మలుపు దగ్గర ఒక్కసారిగా కారుని కాలిబాట వైపు వదిలేశాడు. ఆలోచించేలోపే తొక్కేశాను. కారు ఆగింది. ఆయన మళ్ళీ స్టార్ట్ చేశాడు.

అసలు పరీక్ష తర్వాత పెట్టాడు. పెద్ద సర్కిల్ దగ్గరికి తీసుకెళ్ళి, రౌండ్ కొట్టడం మొదలెట్టాడు. ఒక రౌండు, రెండో రౌండు, మళ్ళీ. మధ్యలో గడ్డి, చుట్టూ షాపు బోర్డులు, అన్నీ కలిసి జారుతున్నాయి. వచ్చింది. పొట్టలోంచి లేచి, మెడ వెనక నుంచి ఎక్కి, తలంతా ఊగింది. నా కాలు బ్రేకు మీదే ఉంది. తొక్కాలని ఎంత అనిపించిందో దేవుడికే తెలియాలి. తొక్కితే కారు ఆగుతుంది. కారు ఆగితే ఆయన అడుగుతాడు. అడిగితే అబద్ధం చెప్పలేను, చెప్పకూడదు కూడా.

అందుకని ముందే చెప్పేశాను.

"తల తిరుగుతోంది. కారు ఆపొద్దు. ఇంకో రౌండు వెయ్యండి."

ఆయన నావైపు చూశాడు. రోడ్డు చూడండి, నన్ను కాదు అన్నాను, స్టూడెంటుకి చెప్పినట్టే. ఇంకో రౌండు వేశాడు. నేను తల తిప్పి మా పక్కన వెళ్తున్న బస్సు చూశాను, పక్క వీధి చూశాను, స్కూటర్ మీద ఎవరో ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని దూరబోతుంటే, వాళ్ళకి దారివ్వండి అన్నాను. వాళ్ళని ఆయన చూడలేదు. ఊగుడు ఉంది. ఉన్నచోట ఉంది. దాని పని అది చేసుకుంటోంది, నా పని నేను చేసుకుంటున్నాను. ఇంకో రౌండు అన్నాను. ఇంకోటి అన్నాను.

చివరికి ఆయనే కారుని పక్కకి తీసి ఆపేశాడు. స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. మేడమ్, నాకు తల తిప్పుతోంది అన్నాడు.

కిందికి కాదు, దూరంగా చూడండి అన్నాను. అంతకంటే మాట్లాడలేకపోయాను, నవ్వొచ్చేసింది. కాసేపటికి తేరుకుని, పూర్తిగా పోయిందా మేడమ్ అని అడిగాడు. పోలేదన్నాను. వచ్చినా నా కాలు నా మాట వింటోందన్నాను. సోమవారం నుంచి పొద్దుటి క్లాసులు మీవి, ఎప్పుడు వచ్చినా ఇలాగే ముందే చెప్పెయ్యండి అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు కారు నన్నే నడపమంటాడేమోనని భయపడ్డాను. ఆయన తేరుకునేదాకా అక్కడే కూర్చున్నాం.

జూన్ 3

టైలరమ్మ మొదటి క్లాసు. వస్తూనే నా చేతులు రెండూ పట్టుకుంది. బయల్దేరాం. అంతా బాగుంది. నాకేమో ఇప్పుడు తల తిప్పడం కొత్తగా అలవాటైంది. పక్కన ఫర్నిచర్ షాపు వచ్చింది, నేను అటు తల తిప్పాను. టైలరమ్మా తిప్పింది. కారూ తిరిగింది. గుమ్మం ముందు పెట్టిన సోఫా దగ్గర ఆపగలిగాను. షాపువాడు బయటికొచ్చి, ఏం కావాలమ్మా అన్నాడు.

థెరపీ అమ్మాయికి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. ఇంట్లో తిప్పండి ఆంటీ, కార్లో మీ ఓనర్ చెప్పినట్టు వినండి అంది. నవ్వు ఆపుకోలేకపోతోంది. ఆంటీ అంటే ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు.

జూన్ 8

ఇవాళ సగం రోజు ఊగింది. క్లాసు ఒకటి మానుకున్నాను, ఓనర్‌కి చెప్పే మానుకున్నాను. మధ్యాహ్నం ఇల్లంతా తుడిచాను, వంగి, మంచం కింద దాకా. నడవాలో గోడ మీది జాడ సబ్బునీళ్ళతో కడిగాను. సగమే పోయింది. ఆయన వచ్చి రంగు వేయిస్తానన్నాడు. తొందరేం లేదన్నాను.

జూన్ 21

టైలరమ్మ పాసైంది. నాకు చెప్పకుండా ముందు మా ఆయనకి ఫోన్ చేసి ఏడ్చిందట. ఆయన కంగారుపడి షాపు మూసి ఇంటికొచ్చేశాడు.

జూలై 12

రాయడానికి కూర్చున్నాను. ఈవేళ తల తిరిగిందో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. ఆయన్ని అడిగాను. నాకేం తెలుసు, నీ తలే కదా అన్నాడు.